బలహీనపడ్డ జంతువును ఫంగస్ నుంచి యాంటీబాడీలు కాపాడతాయా? విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ దాటిందంటే విశాఖలో కుక్క చెవి ఎత్తగానే పులిసిన పిండి వాసన. సముద్రపు తేమ, ఆరని బొచ్చు, ఏసీ గదిలోంచి వాన గట్టు మీదికి, అక్కడి నుంచి మళ్లీ ఏసీలోకి తిరుగుళ్లు. వీటిలో చాలావాటికి శుభ్రం చేసి మందు వేస్తే పది రోజుల్లో తగ్గిపోతుంది. ఈ పేజీ వాటి కోసం రాయలేదు. ఒంట్లో కాపలా సడలి, మామూలప్పుడు ఏమీ చేయలేని బూజు ముక్కులోకీ ఊపిరితిత్తుల్లోకీ రక్తంలోకీ దిగిన జంతువుల గురించి ఇది. వాటిని తెచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలకు బల్ల దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ పెడుతున్నాను.

డాక్టరు గారూ, ఫంగస్‌కి యాంటీబాడీ ఇంజెక్షన్ వచ్చిందంట కదా, మా వాడికి వేసేయండి?

లేదండీ. కుక్కకు గానీ పిల్లికి గానీ ఆవుకు గానీ ఫంగస్ మీద పనిచేసే యాంటీబాడీ మందు ఏదీ అనుమతి పొంది బజారులోకి రాలేదు. మనుషులకూ రాలేదు. వార్తల్లో మీరు చూసింది ఎలుకల మీద జరిగిన పని అయ్యుంటుంది. అది నిజమైన పనే, కింద చెబుతాను. "ఇమ్యూనిటీ ఇంజెక్షన్" అని ఎవరైనా అమ్మితే మాత్రం సీసా మీద ఏం రాసుందో చదివించుకోండి. ఒకాయన నా దగ్గరికి తెచ్చి చూపించిన సీసాలో ఉన్నవి బి విటమిన్లు.

యాంటీబాడీ అంటే ఏటండీ అసలు?

ఆనందపురం వైపు పశువులున్న ఇంట్లో ఎవరినడిగినా నాకంటే బాగా చెబుతారు, పేరు వేరే అంతే. దూడ పుట్టగానే ముర్రుపాలు ఎందుకు పట్టిస్తాం? తల్లి కడుపులో ఉండగా ఆవు మాయ గుండా యాంటీబాడీలు దూడకు చేరవు. పుట్టేసరికి దాని రక్తంలో అవి దాదాపు ఉండవు. తల్లి ఏళ్ల తరబడి ఎదుర్కొన్న రోగాల గుర్తులన్నీ ముర్రుపాలలో యాంటీబాడీల రూపంలో ఉంటాయి. పుట్టిన మొదటి గంటల్లో దూడ పేగు వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకుంటుంది. రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. "మాయ పడేదాకా పాలు పితకకూడదు" అని ఆగేవాళ్లు దూడకు చేసే నష్టం ఇదే.

ఒకరి ఒంట్లో తయారైన యాంటీబాడీని ఇంకొకరికి ఎక్కించడం మనకు కొత్తేమీ కాదు. పాము కాటుకు ఇచ్చే మందు గుర్రం రక్తంలోంచి తీసిన యాంటీబాడీలే. పిచ్చికుక్క కరిస్తే గాయం చుట్టూ పొడిచే సీరమ్ కూడా ఆ జాతిదే. 1890లో బేరింగ్, కిటసాటో డిఫ్తీరియా, ధనుర్వాతాల మీద ఇది చేసి చూపించినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. మరి ఫంగస్‌కు ఎందుకు లేదన్నది సరైన ప్రశ్న.

యాంటీబాడీ తనంతట తాను సాధారణంగా ఏదీ చంపదని మాత్రం గుర్తుంచుకోండి. అది వెళ్లి సూక్ష్మజీవికి అంటుకుంటుంది. అంటుకున్నాక రెండు రకాలుగా పనికొస్తుంది. ఒకటి, "ఇదిగో, దీన్ని తినండి" అని తెల్ల కణాలకు గుర్తు పెట్టడం. రెండు, సూక్ష్మజీవి మన కణాన్ని పట్టుకునే కొక్కేనికి అడ్డం పడటం. ఈ రెంటికీ ఉన్న తేడా మీదే కింది సమాధానాల్లో సగం నిలబడి ఉన్నాయి.

మా కుక్కకి "ఇమ్యూనిటీ తగ్గింది" అన్నారు. అంటే ఏది తగ్గినట్టు?

ఇది అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సింది ఇదే. ఇమ్యూనిటీ అనేది ట్యాంకులో నీళ్లలాగా ఒకే మట్టం ఉండి పెరిగేదీ తరిగేదీ కాదు. అందులో వేర్వేరు పనివాళ్లున్నారు. ఎవరు సెలవు పెట్టారన్నదాన్ని బట్టి ఏ ఫంగస్ వస్తుందో మారుతుంది.

మన దగ్గర నేను ఎక్కువగా చూసేది గోమార్ల జ్వరం. బ్రౌన్ టిక్ అనే గోమారి కుట్టి ఎర్లికియా అనే సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్తుంది. మొదట్లో పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో సరిపోతుంది. నెలల తరబడి వదిలేస్తే ఎముక మజ్జ దెబ్బతిని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు అన్నీ పడిపోతాయి. తెల్లకణాల్లో ముందువరసలో ఉండి బూజు పోగుల్ని కరిచి చంపేవి న్యూట్రోఫిల్స్. అవి లేకపోతే ఆస్పర్జిల్లస్, కాండిడా లాంటి ఫంగస్‌లు ధైర్యం చేస్తాయి. కేన్సరుకు కీమో ఇస్తున్న కుక్కల్లోనూ ఇదే గొడవ.

రెండోది స్టెరాయిడ్. దురదకు మొదలుపెట్టి, తగ్గిందని సంతోషించి, మళ్లీ వచ్చిందని మళ్లీ వేసి, అలా ఏడాది. స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్ లెక్క తగ్గించకుండానే వాటి చేతులు కట్టేస్తుంది. రక్తపరీక్షలో అంకెలు బాగానే కనిపిస్తాయి, పని జరగదు. మూడోది షుగరు. పిల్లుల్లో ఎఫ్‌ఐవీ, ఫెలైన్ లుకీమియా వైరస్‌లు టి కణాల (మిగతా కణాలను ఉసిగొల్పే తెల్లకణాల) పనిని దెబ్బతీస్తాయి. ముర్రుపాలు అందని దూడ ఇంకో రకం బలహీనత. జర్మన్ షెపర్డ్ జాతిలో, ముఖ్యంగా ఆడకుక్కల్లో, ఒళ్లంతా పాకే ఆస్పర్జిల్లస్ జబ్బు మిగతా జాతులకంటే ఎక్కువగా కనిపిస్తుందని ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా పశువైద్యులు చాలాకాలంగా రాస్తున్నారు. వాటి పుట్టుకలోనే ఏదో లోటు ఉందని అనుమానం.

"ఇమ్యూనిటీ తగ్గింది" అని ఎవరైనా అంటే, "ఏ కణాలు, దేనివల్ల?" అని ఎదురడగండి. నన్ను కూడా.

ఫంగస్ మీద యాంటీబాడీలు పనిచేయవని మా అబ్బాయి వెటర్నరీ కాలేజీ పుస్తకంలో చదివాడు. మీరు వేరేలా చెబుతున్నారు?

అబ్బాయి చదివింది తప్పు కాదు, పాతది. అలా అనుకోవడానికి గట్టి కారణమే ఉంది. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని మనుషులున్నారు. వాళ్లకు బ్యాక్టీరియా జబ్బులు మీద మీద వస్తాయి గానీ పెద్ద ఫంగస్ జబ్బులు అరుదు. హెచ్‌ఐవీలో టి కణాలు పడిపోయినవాళ్లకు, కీమోలో న్యూట్రోఫిల్స్ పడిపోయినవాళ్లకు మాత్రం ఫంగస్ వరద. దీన్నిబట్టి ఫంగస్‌ను ఆపేది కణాలే, యాంటీబాడీలు వట్టి సాక్షులు అని తేల్చేశారు.

పైగా కోలుకున్న జంతువు సీరమ్ తీసి ఇంకో జంతువుకు ఎక్కిస్తే ఒకసారి మేలు, ఒకసారి ఏమీ లేదు, ఒకసారి కీడు. ఇలా పొంతన లేని ఫలితాలు వస్తే ఎవరికైనా విసుగొస్తుంది.

మరి అభిప్రాయం ఎందుకు మారింది?

సీరమ్ అంటే ఒక యాంటీబాడీ కాదు, వందల రకాల కలగూరగంప. అందులో కాపాడేవీ ఉంటాయి, ఊరికే అంటుకుని కూర్చునేవీ ఉంటాయి, పని చెడగొట్టేవీ ఉంటాయి. వాటిని విడదీసే ఉపాయం 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారు చేసే పద్ధతి అది, మోనోక్లోనల్ అంటాం. 1984లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఫంగస్ మీద పరిశోధన చేసేవాళ్ల చేతికి అది అందింది.

వాళ్లు ఎంచుకున్న శత్రువు క్రిప్టోకాకస్. పావురాల రెట్టలో పెరిగే ఈస్ట్ ఇది. దీని చుట్టూ జిగురు తొడుగు ఉంటుంది, కలబంద గుజ్జులాగా. తెల్లకణం పట్టుకోబోతే జారిపోతుంది. ఆ తొడుగుకు అంటుకునే యాంటీబాడీ ఇచ్చి ఎలుకలను బతికించవచ్చని 1987లో ఫ్రాన్సులో ద్రోమేర్ బృందం చూపించింది. తర్వాత న్యూయార్క్‌లో ఆర్టురో కాసడెవాల్, మాథ్యూ షార్ఫ్ దగ్గర పదేళ్ల పాటు ఇదే పని సాగింది. అందులో తేలిన మూడు సంగతులు నాకు భలే నచ్చుతాయి.

మొదటిది 1995 నాటిది. 3ఈ5 అనే యాంటీబాడీ క్రిప్టోకాకస్‌కు చక్కగా అంటుకుంటుంది కానీ ఎలుకను కాపాడదు. అది ఐజీజీ3 తరగతిది. ఫంగస్‌ను పట్టుకునే చెయ్యి అలాగే ఉంచి, తోక మాత్రం ఐజీజీ1గా మార్చారు. అదే యాంటీబాడీ ఇప్పుడు ఎలుకను కాపాడింది. తెల్లకణం పట్టుకునేది తోకనే కాబట్టి తోక మారితే కథ మారింది.

రెండోది మోతాదు. ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అనుకుంటాం కదా. 2003లో తబోర్దా, కాసడెవాల్ చూపించిందేమిటంటే ఒక హద్దు దాటాక అదే యాంటీబాడీ రక్షణ మానేస్తుంది, కొన్ని సందర్భాల్లో కీడు చేస్తుంది. చారులో ఉప్పు సంగతే. పాత సీరమ్ ప్రయోగాల్లో ఫలితాలు అడ్డదిడ్డంగా రావడానికి ఇదొక కారణం.

మూడోది మన ప్రశ్నకు ఆయువుపట్టు. 1997లో ఇదే కాపాడే ఐజీజీ1 యాంటీబాడీని సీడీ4 అనే రకం టి కణాలు లేని ఎలుకలకు ఇచ్చారు. పనిచేయలేదు. యాంటీబాడీ గుర్తు పెట్టింది, తెల్లకణం తిన్నది కూడా, కానీ తిన్నదాన్ని లోపల చంపమని ఉసిగొల్పే టి కణం లేకపోయింది. క్రిప్టోకాకస్ తెల్లకణం కడుపులో కూర్చుని కాపురం చేయగల ఘటం. అంటే ఎవరికైతే యాంటీబాడీ ఎక్కువ అవసరమో, సరిగ్గా వాళ్లలోనే అది పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.

అయితే బలహీనపడ్డ జంతువులో పనిచేసినవి ఏవీ లేవా?

ఉన్నాయి. తినేవాడి మీద ఆధారపడకుండా, కొక్కేనికి అడ్డం పడే రకం అయితే పరిస్థితి మారుతుంది.

2021 మే, జూన్ నెలలు ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేరు. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలో బ్లాక్ ఫంగస్ రోగులు, ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు కోసం మెడికల్ షాపుల చుట్టూ తిరిగిన కుటుంబాలు. కేంద్రం దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమంది, మన రాష్ట్రం ఆరోగ్యశ్రీలో చేర్చింది. కోవిడ్‌కు వాడిన స్టెరాయిడ్, పెరిగిన షుగరు, ఈ రెండూ కలిసిన చోట మ్యూకర్ అనే ఆ బ్లాక్ ఫంగస్ బూజు దిగింది. అది కొత్త జీవి ఏమీ కాదు, మెత్తబడ్డ రొట్టె మీద నల్లగా లేచే రైజోపస్ అన్నదమ్ములే.

ఆ బూజు రక్తనాళం గోడను పట్టుకునే కొక్కెం పేరు కాట్‌హెచ్. షుగరు మితిమీరి రక్తం పులిసినప్పుడు రెండు పనులు జరుగుతాయి. రక్తంలో కట్టిపెట్టి ఉన్న ఇనుము విడిపడి బూజుకు మేతవుతుంది. మన కణాల మీద ఆ కొక్కెం తగులుకునే జీఆర్‌పీ78 అనే ప్రోటీన్ పెరుగుతుంది. అందుకే షుగరు రోగికీ మ్యూకర్‌కీ అంత చుట్టరికం. కాలిఫోర్నియాలో అష్రఫ్ ఇబ్రహీం బృందం ఆ కొక్కేనికే యాంటీబాడీ తయారు చేసింది. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం షుగరు ముదిరిన ఎలుకల్లోనూ, న్యూట్రోఫిల్స్ లేకుండా చేసిన ఎలుకల్లోనూ అది మ్యూకర్ నుంచి కాపాడింది. ఫంగస్ మందుతో కలిపి ఇస్తే ఇంకా మెరుగు. మన ఊరు బ్లాక్ ఫంగస్ మాట వినడానికి రెండేళ్ల ముందే ఈ కాగితం అచ్చయింది. ఎలుక నుంచి మనిషి దాకా దారి ఎంత పొడుగో ఆ వేసవిలో తెలిసొచ్చింది.

కాండిడా ఆరిస్ మీదా ఇలాంటిదే ఉంది. ఈ ఈస్ట్‌ను 2009లో జపానులో ఒకరి చెవిలోంచి మొదటిసారి గుర్తించారు, ఇప్పుడు చాలా మందులకు లొంగడం లేదు. ఎన్‌డీవీ-3ఏ అనే టీకా వేసి, ఆ తర్వాత న్యూట్రోఫిల్స్ పడగొట్టిన ఎలుకలకు ఈ ఈస్ట్ ఎక్కిస్తే, టీకా వేసినవి ఎక్కువ బతికాయి. యాంటీబాడీలు ఈస్ట్‌ను అతుక్కోనివ్వలేదు, మిగిలిన మాక్రోఫేజ్‌లకు (సూక్ష్మజీవులను తినే ఇంకో రకం తెల్లకణాలకు) పట్టిచ్చాయి కూడా. ఇదీ 2019 నాటిదే.

ఒంట్లో సత్తువ పోకముందే టీకా వేసేస్తే?

తెలివైన ప్రశ్న, శాస్త్రవేత్తలూ ఇటే చూస్తున్నారు. కీమో మొదలవుతుందని, అవయవ మార్పిడి జరుగుతుందని ముందే తెలుస్తుంది కదా. ఆ లోపల యాంటీబాడీలు తయారు చేయించి పెడితే, తర్వాత కణాలు పడిపోయినా అవి కొంతకాలం రక్తంలో నిలుస్తాయి. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయంలో కారెన్ నోరిస్ బృందం ఎన్‌ఎక్స్‌టీ-2 అనే టీకాతో 2022లో ఇది చూపించింది. ఆస్పర్జిల్లస్, కాండిడా, న్యూమోసిస్టిస్ అనే మూడు ఫంగస్‌లకూ ఉమ్మడిగా ఉన్న ఒక ముక్కను తీసుకున్నారు. ముందు టీకా, తర్వాత ఇమ్యూనిటీ తగ్గించడం, ఆ తర్వాత ఫంగస్. ఎలుకల్లో, కోతుల్లో టీకా వేసినవాటికి జబ్బూ చావూ తగ్గాయి.

అంతకు ముందు 2005లో ఇటలీలో ఇంకో దారి తొక్కారు. ఫంగస్ గోడలో బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. అలాంటిదే సముద్రపు గోధుమరంగు నాచులోనూ ఉంటుంది, లామినారిన్ అంటారు. దాన్ని డిఫ్తీరియా ప్రోటీన్‌కు అతికించి టీకా చేశారు. ఎలుకల్లో కాండిడా మీద పనిచేసింది, టీకా వేసినవాటి సీరమ్ ఎక్కించిన ఎలుకలకూ రక్షణ వచ్చింది. రుషికొండ ఒడ్డున నాచు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది, మన నాచు ఆ జాతి కాకపోయినా.

పశువులకి తామర టీకా ఉందంటారు?

ఉంది. 1970ల మొదట్లో సోవియట్ యూనియన్‌లో ఆవుల తామరకు బతికున్న ఫంగస్‌తో టీకా చేశారు. నార్వే లాంటి దేశాలు దాంతో మందలను దాదాపు శుభ్రం చేసుకున్నాయి. మన దగ్గర వాడుకలో లేదు. అది కాపాడేది ప్రధానంగా టి కణాల ద్వారా, యాంటీబాడీలు వచ్చినా అసలు పని వాటిది కాదు. దూడకు కళ్ల చుట్టూ బూడిదరంగు పొలుసు బిళ్లలు వస్తే కంగారు పడకండి, ఎండ తగిలే చోట కట్టండి, మందు రాయండి, ముట్టుకున్న చేయి సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో పిల్లలకు అంటుతుంది.

అమెరికాలో కుక్కలకు వ్యాలీ ఫీవర్ టీకా మీద మంచి పని జరుగుతోంది. ఆ ఫంగస్ అమెరికా ఖండాల ఎడారి నేలల్లోది, మనకు దాని బెంగ లేదు.

ఎలుకకి పనిచేసింది కుక్కకి ఎందుకు చేయదు?

ఎలుక యాంటీబాడీని కుక్కకు ఎక్కిస్తే కుక్క ఒళ్లు దాన్నే పరాయిదిగా చూసి దాని మీదే యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఒకటి రెండు మోతాదుల తర్వాత పనికిరాదు, ప్రమాదం కూడా. అందుకే కుక్కకు సరిపోయేలా దాని తోకా ఒళ్లూ మార్చాలి. ఇది సాధ్యం కానిదేమీ కాదు. కుక్కల అలర్జీ దురదకు లోకివెట్‌మాబ్ అనే యాంటీబాడీకి 2017లో ఐరోపా అనుమతి వచ్చింది. పార్వో వైరస్‌కు కుక్కల యాంటీబాడీ మందుకు 2023లో అమెరికా షరతులతో అనుమతి ఇచ్చింది. దురదకు, పార్వోకు రోగులు లక్షల్లో ఉంటారు, కంపెనీకి గిట్టుబాటు. ఆస్పర్జిల్లస్ పాకిన జర్మన్ షెపర్డ్‌లు ఎన్ని ఉంటాయి? ఇది నా అభిప్రాయం గానీ, ఇక్కడ అడ్డం విజ్ఞానం కంటే లెక్కల పుస్తకమే.

మనుషుల్లో ప్రయత్నించారా?

రెండు మూడు సార్లు. క్రిప్టోకాకస్ మీద 18బీ7 అనే ఎలుక యాంటీబాడీని హెచ్‌ఐవీ ఉన్న కొద్దిమందికి ఇచ్చి చూశారు, 2005లో ప్రచురించారు. తట్టుకున్నారు, రక్తంలో ఫంగస్ తొడుగు ముక్కలు కొంత తగ్గాయి, అక్కడితో ఆగింది. కాండిడా మీద మైకోగ్రాబ్ అనేది ఆంఫోటెరిసిన్‌తో కలిపి ఇస్తే మంచి ఫలితం వచ్చిందని 2006లో రాశారు. తయారీ నాణ్యత మీద, భద్రత మీద సందేహాలతో ఐరోపా నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. పైన చెప్పిన ఎన్‌డీవీ-3ఏ టీకాను మాటిమాటికీ కాండిడా వచ్చే ఆడవాళ్లలో పరీక్షిస్తే 40 ఏళ్లలోపు వారిలో ఉపయోగం కనిపించింది.

2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన 19 ఫంగస్‌ల జాబితా వేసింది. క్రిప్టోకాకస్, ఆస్పర్జిల్లస్, కాండిడా ఆరిస్, కాండిడా ఆల్బికాన్స్ నాలుగూ పై వరసలో ఉన్నాయి. డబ్బు ఇటు కదలడానికి అది పనికొస్తుందని నా ఆశ.

రక్తపరీక్షలో ఫంగస్ యాంటీబాడీ ఉందని వచ్చింది. అంటే రక్షణ ఉన్నట్టేనా?

కాదు. ఎప్పుడో ఎదురుపడిందని మాత్రమే అర్థం. పైన 3ఈ5 కథ చెప్పాను కదా, అంటుకున్న ప్రతిదీ కాపాడదు. ఇమ్యూనిటీ బాగా తగ్గిన జంతువులో జబ్బు ముదిరి ఉన్నా యాంటీబాడీ పరీక్షలో ఏమీ రాకపోవచ్చు, తయారు చేసే శక్తి లేక. అందుకే క్రిప్టోకాకస్‌కు మేం యాంటీబాడీని వెతకం, ఫంగస్ తొడుగు ముక్కనే వెతుకుతాం. ఆ పరీక్ష చాలా నమ్మకమైంది, మందు పనిచేస్తోందా అనేదీ దాంతోనే చూస్తాం.

మా బాల్కనీ నిండా పావురాలు. పిల్లికి ప్రమాదమా?

పెంపుడు జంతువుల్లో క్రిప్టోకాకస్ ఎక్కువగా వచ్చేది పిల్లికే. ముక్కు మీద వాపు, తుమ్ములు, ఒక వైపు చీమిడి, ఒక్కోసారి ముక్కు రంధ్రంలో గడ్డ. ఆరోగ్యంగా ఉన్న పిల్లికీ రావచ్చు, ఎఫ్‌ఐవీ ఉంటే లొంగదీయడం కష్టం. పావురానికి మాత్రం దాదాపు ఏమీ కాదు, దాని ఒంటి వేడి 41, 42 డిగ్రీలు, ఆ ఈస్ట్‌కు అది పడదు.

ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక ఏళ్లనాటి రెట్ట గడ్డకట్టి ఉంటుంది. దాన్ని పొడిగా ఊడ్వకండి. నీళ్లు కొట్టి తడిపి, మాస్కు పెట్టుకుని, తీసి సంచిలో కట్టండి. ఇంట్లో స్టెరాయిడ్ వాడేవాళ్లు ఉంటే ఆ పని వేరేవాళ్లు చేయాలి. తర్వాత వల కట్టించుకోండి.

మా కుక్క ఏడాదిగా స్టెరాయిడ్ మీద ఉంది. ఇదంతా చదివి భయమేస్తోంది, ఆపేయమంటారా?

వద్దు. ఒక్కసారిగా ఆపితే దాని సొంత గ్రంథి పనిచేయడం మరచిపోయి ఉంటుంది కాబట్టి కుప్పకూలవచ్చు. నెమ్మదిగా తగ్గించాలి, అది వైద్యుడు రాసిచ్చిన లెక్క ప్రకారమే. ఈలోగా చూసుకోవాల్సినవి: ఒక వైపు ముక్కు నుంచే చీమిడి లేదా రక్తం, ముక్కు అంచు రంగు పోవడం, మందులు మార్చినా మానని పుండు, యాంటీబయాటిక్‌కు తగ్గని జ్వరం, తల ఒక పక్కకు వాల్చడం. వీటిలో ఏదున్నా "చర్మం ప్రాబ్లమే కదా" అని ఇంకో పది రోజులు ఆగకండి. వచ్చేటప్పుడు ఇంతవరకు వాడిన చీటీలన్నీ తెండి, ముఖ్యంగా మధ్యలో మీరే ఆపి మొదలుపెట్టినవి.

ఇంకో మాట. మెడికల్ షాపులో మనుషులకు అమ్మే తామర ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, అడుగున ఫంగస్ హాయిగా పాకుతుంది. కుక్క దాన్ని నాకేస్తుంది కూడా. ఆ ట్యూబు మీ ఇంట్లో ఉంటే పారేయండి.

కోళ్ల సంగతేంటి?

కోడి ఒళ్లు 41 డిగ్రీల పైన కాగుతూ ఉంటుంది, చాలా ఫంగస్‌లు అక్కడ బతకవు. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అంతకంటే ఎక్కువ వేడిలోనూ పెరుగుతుంది, అందుకే కోడిపిల్లల ఊపిరి దాని చేతిలో పోతుంది. తడిసిన ఊక, బూజు పట్టిన మొక్కజొన్న రెండూ ప్రమాదమే. మొక్కజొన్న మీది ఇంకో ఆస్పర్జిల్లస్ అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. అది కోడి ఇమ్యూనిటీని తొక్కేసి, మీరు వేసిన రానిఖేత్ టీకాకు రావలసిన యాంటీబాడీలను కూడా తగ్గిస్తుంది. "టీకా వేశాం, అయినా పోయాయి" అనేవాళ్లు మొదట దాణా సంచి విప్పి వాసన చూడాలి.

మాది భీమిలి దగ్గర రొయ్యల చెరువు. ఈహెచ్‌పీకి యాంటీబాడీ మందు కలపమని ఒకతను చెబుతున్నాడు. కలపమంటారా?

నేను రొయ్యల డాక్టరును కాను, అయినా ఈ ఒక్కటీ చెప్పగలను. రొయ్యలకు పట్టే ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి మైక్రోస్పోరిడియా జాతిది, ఫంగస్‌ల చుట్టమే, మీ ప్రశ్న ఇక్కడికి రావడం సబబే. కానీ రొయ్యకు యాంటీబాడీలు తయారు చేసే ఏర్పాటే లేదు. దాని రక్తంలో కణాలు, కొన్ని ప్రోటీన్లు పోరాడతాయి, ఒకసారి వచ్చిన జబ్బును యాంటీబాడీ రూపంలో గుర్తుపెట్టుకోవడం వెన్నెముక ఉన్న జీవులకే ఉంది. కాబట్టి "రొయ్యలో యాంటీబాడీలు పెంచుతుంది" అని డబ్బా మీద ఉంటే అది అబద్ధం, అక్కడే పక్కన పెట్టేయండి. బయట తయారు చేసిన యాంటీబాడీలను, ముఖ్యంగా కోడిగుడ్డు పచ్చసొనలోంచి తీసినవాటిని, మేతలో కలిపే ప్రయోగాలు వేరే రొయ్య జబ్బుల మీద జరిగాయి. అతను అమ్మేది అదే అయితే, ఈహెచ్‌పీ మీదే పరీక్షించిన కాగితం చూపించమనండి. ఆ జీవి రొయ్య జీర్ణగ్రంథి (హెపటోపాంక్రియాస్) కణం లోపలికి దూరి కూర్చుంటుంది, అక్కడికి మేతలోని యాంటీబాడీ చేరదు. అదే డబ్బుతో హేచరీ నుంచి పిల్ల దించుకునే ముందు జబ్బు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించండి, పంట తీసిన చెరువును బాగా ఎండగట్టి సున్నం వేయించండి.